లడ్లోలో పాతింటి ఫ్లాటు: బుక్ చేయడం నుంచి తాళం అప్పగించేదాకా

ఇంగ్లండు పడమటి అంచున, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో, ష్రాప్‌షైర్‌లో ఉన్న సంత ఊరు లడ్లో. గుట్ట మీద కోట, కోట ముందు సంత మైదానం, అక్కడి నుంచి నది వైపు దిగే వీధులు. చట్టం కింద రక్షణ ఉన్న పాత కట్టడాలే ఇక్కడ ఐదు వందలకు దగ్గరగా ఉన్నాయి. ఊరి నడిబొడ్డున అద్దెకిచ్చే హాలిడే ఫ్లాట్లు చాలావరకు అలాంటి కట్టడాల్లో, కింద దుకాణం పైన ఇల్లు అన్నట్టు ఉంటాయి.

హోటల్లో నీళ్లు వేడిగా రాకపోతే రిసెప్షన్‌కి ఫోన్ చేస్తాం. ఇక్కడ పొయ్యి, గీజరు, చెత్తబుట్ట అన్నీ మీ చేతిలోనే. పైగా ఆ కట్టడానికి రెండు మూడు వందల ఏళ్లు ఉండొచ్చు. మన తాలింపు పొగ, ఇడ్లీ ఆవిరి, మగ్గుతో స్నానం దానికి అలవాటు లేదు. గొడవలన్నీ ఈ మూడింటి దగ్గరే వస్తాయి, కాబట్టి ఎక్కువ మాట వాటి గురించే.

బుక్ చేసే ముందు

ఫొటోల్లో చెక్క దూలాలు, కిటికీ పక్క కుర్చీ బాగానే కనిపిస్తాయి. మీకు కావలసిన సంగతులు ఫొటోలో ఉండవు. యజమానికి మెసేజ్ పెట్టి ఇవి అడగండి:

1. వీధి తలుపు నుంచి ఫ్లాటు తలుపు దాకా మెట్లు ఎన్ని? పట్టుకోవడానికి రెయిలింగు ఒక పక్కనా, రెండు పక్కలా? "ఫస్ట్ ఫ్లోర్" అంటే మన మొదటి అంతస్తే, కానీ పాత ఇళ్లలో మెట్లు ఇరుకుగా, నిలువుగా, మలుపు తిరిగి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తుంటే మొదట అడగాల్సింది ఇదే.
2. పొయ్యి గ్యాసా, ఇండక్షనా, మామూలు గాజు పలక పొయ్యా?
3. పొయ్యి పైనున్న చిమ్నీ ఫ్యాను గాలిని బయటికి పంపుతుందా, వడపోసి మళ్లీ గదిలోకే వదులుతుందా?
4. వేడినీళ్లు ఎలా వస్తాయి: బాయిలరా, ట్యాంకా, ఎలక్ట్రిక్ షవరా? స్నానాల గదిలో టబ్బు ఉందా?
5. టాయిలెట్ మామూలుదా, మోటారుతో నడిచేదా?
6. కారు ఎక్కడ పెట్టాలి? పర్మిట్ ఇస్తారా?

మూడో ప్రశ్నకు "తెలీదు" అని జవాబొస్తే గదిలోకే వదిలే రకం అనుకోండి. రక్షిత కట్టడాల్లో గోడకు కొత్తగా కన్నం పెట్టాలంటే అనుమతి కావాలి. అందుకే చాలామంది బొగ్గు ఫిల్టరు ఉన్న ఫ్యానుతో సరిపెడతారు. అది నూనె జిడ్డును కొంత పడుతుంది, వాసనను కొంత తగ్గిస్తుంది, ఆవిరిని మాత్రం ఏమీ చేయలేదు.

బుకింగులు ఎక్కువగా శుక్రవారం నుంచి సోమవారం దాకా మూడు రాత్రులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా నాలుగు, లేదా నిండు వారం అన్న లెక్కన ఉంటాయి. మామూలుగా సాయంత్రం నాలుగింటికి లోపలికి రానిస్తారు, ఆఖరి రోజు ఉదయం పదింటికల్లా ఖాళీ చేయమంటారు. సెప్టెంబరులో కోట లోపల ఆహారోత్సవం జరుగుతుంది. 1995 నుంచి నడుస్తున్న ఆ పండగ రోజుల్లో ఖాళీ ఫ్లాటు దొరకడం కష్టం.

బుక్ చేశాక పదహారేళ్లు దాటిన వాళ్లందరి పేర్లు, ఏ దేశ పౌరులో అడుగుతారు. 1972 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం యజమాని ఆ వివరాలు రాసి ఏడాది పాటు దాచాలి. పాస్‌పోర్టు నంబరు రాసుకోవాల్సింది బ్రిటన్, ఐర్లండు, కామన్వెల్త్ దేశాలకు చెందని వాళ్లది మాత్రమే. భారత పౌరులు కామన్వెల్త్ కిందికే వస్తారు కాబట్టి ఈ ఉత్తర్వు పేరు చెప్పి పాస్‌పోర్టు కాపీ పంపమంటే, పేరూ దేశమూ చాలు కదా అని మర్యాదగా అడగొచ్చు.

చేరుకోవడం

రైలైతే ష్రూస్‌బరీ, హెరిఫర్డ్ ఊళ్ల మధ్య లైను మీదున్న లడ్లో స్టేషనులో దిగాలి. ఈ రెండు చోట్ల నుంచీ సుమారు అరగంట. లండన్ నుంచి నేరుగా రైలు ఉంటుందనుకోవద్దు, దారిలో మారాలి. స్టేషను నుంచి సంత మైదానానికి పదినిమిషాల నడకే గానీ అంతా ఎక్కుడు. పెద్ద సూట్‌కేసులుంటే టాక్సీ ముందే మాట్లాడుకోండి.

కారైతే ఒక జాగ్రత్త. కోట ముందు సంత సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో. సాధారణంగా ఫ్లాటు చేతికొచ్చేది సోమవారమో శుక్రవారమో కాబట్టి మీరు చేరేసరికి మైదానంలో గుడారాలు ఇంకా ఉండొచ్చు, సామాను దించడానికి కారు ఆపే చోటు దొరక్కపోవచ్చు. నాలుగున్నర తర్వాత చేరేలా బయల్దేరితే మేలు. సామాను దించాక కారును గీతల మధ్య ఎక్కడ పడితే అక్కడ పెట్టకండి, బోర్డు మీద ఎవరికి, ఎంతసేపు అని రాసి ఉందో చదవండి. ఊరి బయట ఏ49 రోడ్డు దగ్గర, కారు పెట్టి బస్సులో ఊళ్లోకి వచ్చే పార్క్ అండ్ రైడ్ ఉంది.

ఏం పట్టుకెళ్లాలి

స్టేషను పక్కనే పెద్ద టెస్కో సూపర్‌మార్కెట్ ఉంది. పాలు, పెరుగు, ఉల్లి, టమాటా, అల్లం, కొత్తిమీర, బాస్మతి బియ్యం అక్కడ దొరుకుతాయి. కరివేపాకు, సోనా మసూరి, ఇడ్లీ రవ్వ, గోంగూర దొరుకుతాయన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. బర్మింగ్‌హామ్ నుంచో లెస్టర్ నుంచో వస్తుంటే అక్కడి మన కొట్లలోనే కొనేయండి. ఆదివారం చేరేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 1994 నాటి చట్టం వల్ల ఇంగ్లండులో పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటలే తెరుస్తాయి. సాయంత్రం ఐదింటికి వెళ్తే షట్టరు కనిపిస్తుంది.

నలుగురికి మూడు రాత్రులు, నాలుగు పూటలు వంట అనుకుంటే: బియ్యం రెండు కిలోలు (మనిషికి పూటకి వంద గ్రాములు, పైన కొంచెం మిగులు), కందిపప్పు 400 గ్రాములు, చింతపండు 100 గ్రాములు, పోపు దినుసులు ఒక చిన్న డబ్బా, కారం, పసుపు, ఇంగువ, ఒక పప్పుల పొడి, ఆవకాయ చిన్న సీసా. సీసా మూత మీద ప్లాస్టిక్ కవరు బిగించి, ఇంకో కవర్లో వేయండి. అద్దె ఇంటి లేత రంగు కార్పెట్టు మీద ఆవకాయ నూనె పడితే మరక పోదు. ఇండియా నుంచి నేరుగా దిగే వాళ్లు నెయ్యి, పాలకోవా, మాంసం సరుకులు తేకండి. వాటిని దేశంలోకి రానివ్వరు, విమానాశ్రయంలోనే తీసేస్తారు.

వంట సామాన్లలో ఒక చిన్న రైస్ కుక్కరు, పోపు గరిటె, అట్లకాడ చాలు. ప్రెషర్ కుక్కరు తీసుకెళ్లాలనుకుంటే అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే ఇండక్షన్ పొయ్యి దాన్ని గిన్నెగానే గుర్తించదు. మన అల్యూమినియం కుక్కర్లు చాలావాటి కథ ఇదే. గుండ్రటి అడుగున్న మూకుడు గాజు పొయ్యి మీద నిలవదు, నిలిచినా వేడెక్కదు. ఇనప పెనం వేడెక్కుతుంది గానీ జరిపితే గాజు గీరుకుపోతుంది, ఆ గీతకు మీ డిపాజిట్టే దిక్కు.

కరెంటు మనలాగే 230 వోల్టులు, కాబట్టి మిక్సీ పనిచేస్తుంది. ప్లగ్గు వేరు: మూడు చదరపు కడ్డీలు, లోపల ఫ్యూజు. 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్లు దాటి లాగుతుంది. 3 ఆంపియర్ల ఫ్యూజున్న అడాప్టరు దానికి చాలదు, 13 ఆంపియర్లది కొనండి.

లోపలికి అడుగుపెట్టాక మొదటి అరగంట

గోడకున్న చిన్న పెట్టెలో అంకెలు తిప్పితే తాళం చెవి వస్తుంది. లోపలికెళ్లగానే బట్టలు సర్దకండి. ఈ వరసలో చూడండి:

1. పొగ అలారాలు ఎక్కడున్నాయి, వంటగది తలుపు మూసుకుంటుందా?
2. మెయిన్ స్విచ్చుల పెట్టె, నీళ్లు ఆపే కుళాయి ఎక్కడున్నాయి?
3. వేడినీళ్లు వస్తున్నాయా? ట్యాంకుంటే స్విచ్చు ఇప్పుడే వేయండి. మూడు కిలోవాట్ల హీటరు 120 లీటర్ల చల్లనీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి రెండుంపావు గంటలకు పైనే పడుతుంది.
4. పాత గీతలు, మరకలు, పగిలిన కప్పులు ఉంటే ఫోనుతో ఫొటో తీసి అప్పుడే యజమానికి పంపండి. ఆఖరి రోజు చెబితే మీ ఖాతాలో పడతాయి.
5. తలుపుల ఎత్తు. ఐదున్నర అడుగుల ద్వారబంధాలు ఉంటాయి. పొడుగు వాళ్లకు మొదటి రాత్రే బొప్పి కట్టేది అక్కడే.

నేల వాలుగా ఉంటే కంగారుపడకండి. చెక్క చట్రంతో కట్టిన ఇళ్లు వందల ఏళ్లలో ఒక పక్కకు ఒరిగి అక్కడే కుదురుకుంటాయి. చక్రాల సూట్‌కేసును గోడకు ఆనించి పెట్టండి, లేకపోతే రాత్రి అదే నడిచొస్తుంది.

వంట: అలారం మోగకుండా తాలింపు

మామూలుగా వంటగదిలో ఉండేది వేడికి మోగే అలారం, హాల్లో, మెట్ల దగ్గర ఉండేవి పొగకు మోగేవి. ఒకదానికొకటి తీగతోనో రేడియోతోనో కలిపి ఉంటాయి, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. కొన్ని కట్టడాల్లో కింది దుకాణం అలారం కూడా ఇదే. అంటే తాలింపు గిన్నె దగ్గర మోగనిది, తలుపు తెరిచి ఉంచడం వల్ల హాల్లో మోగుతుంది. అందుకే:

వంటగది తలుపు మూయండి. కిటికీ పై అద్దం రెండంగుళాలు దించండి. పాత కిటికీలు పైకీ కిందికీ జరిగేవి, పొగ పైనుంచే పోతుంది. ఫ్యాను ఐదు నిమిషాలు ముందే వేయండి. నూనె మధ్య మంట మీద కాగనివ్వండి, పొగ కక్కేదాకా ఆగొద్దు. ఆవాలు వేసి మూత పెట్టండి. చిటపట తగ్గగానే పొయ్యి కట్టేసి, ఆ మిగులు వేడిలోనే జీలకర్ర, ఇంగువ, ఎండుమిర్చి, ఆఖరున కరివేపాకు. ఎండుమిర్చి నల్లబడిందా, ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతారు, అలారమూ అందుకుంటుంది. గాజు పలక పొయ్యి కట్టేశాక కూడా కొన్ని నిమిషాలు వేడి వదలదు కాబట్టి, గిన్నెను పక్కకు దించాకే మిర్చి వేయడం క్షేమం. ఇండక్షన్ అయితే ఆపగానే కొత్త వేడి ఆగిపోతుంది, తాలింపుకు అంతకన్నా మంచి పొయ్యి లేదు.

మోగితే కంగారుపడకుండా కిటికీలు తెరిచి తువ్వాలుతో అలారం కింద గాలి విసరండి, ఒకట్రెండు నిమిషాల్లో ఆగుతుంది. అలారానికి కవరు తొడగడం, బ్యాటరీ తీయడం మాత్రం వద్దు. చెక్క ఇల్లు, బయటికి ఒక్కటే మెట్ల దారి. పూరీలు, అప్పడాలు, చేపల వేపుడు లాంటి మరిగే నూనె వంటలు ఇక్కడ మానేయడమే మంచిది. వాసన కర్టెన్లకు పట్టిందని అదనంగా శుభ్రం చేసిన డబ్బు వేస్తారు. చేపల పులుసుకు ఆ బాధ లేదు.

దోసెల పిండి పులవాలంటే ఇల్లు చల్లగా ఉంటుంది. వేడినీళ్ల ట్యాంకు పెట్టిన అల్మరా ఉంటే అదే సరైన చోటు. రాత్రి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. గిన్నె కింద లోతు పళ్లెం పెట్టండి, ఎందుకంటే యజమాని దుప్పట్లు, తువ్వాళ్లు దాచుకునేదీ ఆ అల్మరాలోనే. బాయిలరు రకం ఇంట్లో ట్యాంకు ఉండదు, అప్పుడు ఓవెన్‌లో దీపం మాత్రం వేసి ఉంచండి. దోసె పెనం మీద పిండి ఒకే పక్కకు జారుతుంటే తప్పు మీ చేతిది కాదు, పొయ్యి బల్లది. వేసిన వెంటనే పెనాన్ని అర చుట్టు తిప్పండి.

మాంసం తినేవాళ్లకు లడ్లో మంచి ఊరు, మాంసం కొట్లకు పేరుంది. ఇక్కడ "మటన్" అంటే మేక కాదు, ముదురు గొర్రె. అదీ అన్నిచోట్లా పెట్టరు. "లాంబ్ షోల్డర్, ఎముకతో, అంగుళం ముక్కలు" అని అడిగితే కూరకు సరిపోయేది కొట్టిస్తారు. లేత మాంసం కాబట్టి కుక్కరు అక్కర్లేదు, మూత పెట్టి చిన్న మంట మీద గంటన్నర.

పసుపు నీళ్లు పాలరాయి మీదో నూనె పట్టిన చెక్క బల్ల మీదో పడితే ఆ నిమిషమే తుడవండి. ఎండిపోతే తినే సోడా ముద్ద పూసి పావుగంట ఆగి తుడిస్తే కొంత పోతుంది, అంతా పోతుందన్న హామీ లేదు.

స్నానం, టాయిలెట్

మన బాత్రూములో నేల మీద నీళ్లు పోసుకుంటే మూల కన్నం లోంచి పోతాయి. ఇక్కడ నేలకు కన్నమే లేదు. వినైలు కిందో కార్పెట్టు కిందో చెక్క పలకలు, పలకల సందుల కింద ఖాళీ, దాని కింద సన్న చెక్క పట్టీల మీద సున్నం పూసిన పాత సీలింగు, దాని కింద దుకాణం. రెండు మగ్గుల నీళ్లు టబ్బు బయట పడితే ముందు అంచు దగ్గర పలక ఉబ్బుతుంది. ఇంకా పడితే కింద కొట్టు పైకప్పు మీద గోధుమ రంగు మరక దిగుతుంది. దాని ఖర్చు అద్దెకు ఎన్నో రెట్లు.

కాబట్టి మగ్గూ బకెట్టూ వాడేవాళ్లు టబ్బు లోపలే పెట్టుకుని, అందులోనే చిన్న పీట వేసుకుని కూర్చోవాలి. షవరు తెర అంచు టబ్బు లోపలికి ఉండాలి, బయటికి కాదు. బయట ఒక మందపాటి తువ్వాలు పరవండి. పెద్దవాళ్లకు టబ్బు గోడ దాటడం కష్టం, అందుకే టబ్బు గురించి ముందే అడగమన్నది.

ఎలక్ట్రిక్ షవరుకు పైకప్పు నుంచి తాడు వేలాడుతుంది. లాగితే ఎర్ర దీపం వెలుగుతుంది, అప్పుడే వేడి వస్తుంది. చలికాలంలో ధార సన్నగా ఉందని ఫిర్యాదు చేస్తారు గానీ అది చెడిపోయినట్టు కాదు. తొమ్మిది కిలోవాట్ల షవరు నిమిషానికి నాలుగు లీటర్ల నీళ్లను ముప్ఫై రెండు డిగ్రీల దాకానే పెంచగలదు. వచ్చే నీళ్లు ఎనిమిది డిగ్రీలుంటే నలభైకి తేవాలంటే అంత నెమ్మదిగానే వదలాలి. ధార పెంచితే చల్లబడుతుంది.

టాయిలెట్ వెనక తెల్ల పెట్టె ఉండి, ఫ్లష్ చేయగానే గుర్రుమని మోత వస్తే అది మోటారు రకం. వ్యర్థాన్ని ముక్కలు చేసి సన్న గొట్టంలోకి నెడుతుంది. దాంట్లో టాయిలెట్ పేపరు తప్ప ఏదీ వేయకూడదు. తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు బ్లేడుకు చుట్టుకుంటాయి, "ఫ్లష్ చేయొచ్చు" అని ప్యాకెట్టు మీద రాసినా సరే. కడుక్కోవడానికి పైపు ఉండదు. మూతి సన్నగా ఉన్న ఒక ప్లాస్టిక్ సీసా వెంట తీసుకెళ్లండి.

వెచ్చదనం, తేమ

గ్యాసు లేని ఫ్లాట్లలో గోడ పక్కన బరువైన స్టోరేజ్ హీటర్లు ఉంటాయి. ఇవి రాత్రి చవక కరెంటుతో ఇటుకలను కాచి, పగలు ఆ వేడిని వదులుతాయి. పాత రకానికి రెండు గుండీలు: "ఇన్‌పుట్" రాత్రి ఎంత నింపుకోవాలో, "అవుట్‌పుట్" పగలు ఎంత వదలాలో. పొద్దున్నే చలేసిందని అవుట్‌పుట్ నిండా తిప్పితే సాయంత్రానికి వేడంతా అయిపోతుంది. పగలు ఒకటి దగ్గర ఉంచి సాయంత్రం పెంచండి. చేరేసరికి హీటర్లు చల్లగా ఉంటే మీరు ఎంత తిప్పినా ఆ రాత్రికి వేడి రాదు, యజమానిని విడి హీటరు అడగండి.

రేడియేటర్లైతే గుండీ మీద 1 నుంచి 5 అంకెలుంటాయి. మూడు అంటే ఇరవై డిగ్రీల దరిదాపు. ఐదుకు తిప్పితే గది త్వరగా వేడెక్కదు, ఎక్కువ వేడెక్కుతుంది అంతే.

రక్షిత కట్టడాల్లో చాలాచోట్ల ఒంటి అద్దం కిటికీలే. ఇడ్లీ పాత్ర ఆవిరి, నలుగురి స్నానాలు, ఆరేసిన బట్టలు అన్నీ కలిసి తెల్లారేసరికి అద్దం మీద నీళ్లై కారతాయి. పొద్దున్నే తుడిచి, పది నిమిషాలు కిటికీ తెరవండి. ఉతికి ఆరబెట్టే మెషినుంటే గుర్తుంచుకోండి, ఉతికినంత బట్టా ఒకేసారి ఆరదు. సగం తీసేసి సగమే ఆరబెట్టాలి, అదీ మూడు గంటల పని.

ఆ మూడు గంటల్లో కోట చూసి రావచ్చు. 1502లో ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ పెద్ద కొడుకు, యువరాజు ఆర్థర్ కన్ను మూసింది అక్కడే. 1811లో ఈ కోటను ప్రభుత్వం దగ్గర కొన్న ఎడ్వర్డ్ క్లైవ్ మనకు బొత్తిగా పరాయివాడు కాదు. రాబర్ట్ క్లైవ్ కొడుకు, 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. నిజాం కడప, బళ్లారి వైపు సీమను కంపెనీకి అప్పజెప్పి దత్తమండలాలు ఏర్పడిన 1800లో మద్రాసులో కూర్చున్నది ఇతనే. కోట ఇప్పటికీ ఆ వంశం వాళ్లదే.

ఏదైనా తేడా వస్తే

కరెంటు పోతే ముందు వీధిలో దీపాలు చూడండి. ఊరంతా పోతే 105కు ఫోన్ చేయండి. మీ ఇంట్లోనే అయితే స్విచ్చుల పెట్టెలో కిందికి పడిన మీట చూసి, ప్లగ్గులన్నీ పీకేసి, మీట పైకి నెట్టి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టండి. దేన్ని పెట్టగానే పడితే దాందే తప్పు. గ్యాసు వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి బయటికొచ్చి 0800 111 999. ప్రాణాపాయానికి 999, అంత అత్యవసరం కాని జబ్బుకు 111. బాయిలరు మీద నీటి ఒత్తిడి చూపే ముల్లు ఒకటి కంటే కిందికి పడితే మీరే కుళాయి తిప్పి నింపకండి, యజమానిని పిలవండి.

ఖాళీ చేసే ఉదయం

పదింటికి తాళం ఇవ్వాలంటే ఎనిమిదింటికే మొదలుపెట్టాలి. మిగిలిన నూనె, సాంబారు, అన్నం సింకులో పోయకండి. పాత సన్న గొట్టాల్లో నూనె గడ్డకట్టి, దానికి అన్నం మెతుకులు అంటుకుని మూసుకుపోతాయి. నూనెను ఖాళీ పాల డబ్బాలో పోసి మూత పెట్టి చెత్తలో వేయండి. చెత్తను ఏ రంగు సంచిలో, ఎక్కడ పెట్టాలో ఫ్లాటులోని ఫైలులో ఉంటుంది. సంచిని వీధి తలుపు బయట వదిలేసి వెళ్లొద్దు, పక్షులు చింపి వీధంతా పరుస్తాయి.

గిన్నెలు కడిగి ఎక్కడివక్కడ పెట్టండి, ఫ్రిజ్ ఖాళీ చేయండి, పొయ్యి గాజును తడి గుడ్డతో తుడవండి. ట్యాంకు స్విచ్చు, షవరు తాడు ఆపండి. వేడినీళ్ల అల్మరాలో పిండి గిన్నె మర్చిపోలేదు కదా చూడండి, మర్చిపోయేది ఎక్కువగా అదే. ఖాళీ గదులన్నీ ఒకసారి ఫొటో తీసుకోండి. తాళం చెవి పెట్టెలో పెట్టి మూశాక అంకెలు కలగాపులగంగా తిప్పేయండి, లేకపోతే కోడ్ వీధిలో పోయే అందరికీ కనిపిస్తూ ఉంటుంది.